నోరు లేని చుట్టానికి చక్కెర నీళ్ళు

ప్రశ్న: మాది సిరొంచ. మా పాపకు తొమ్మిదేళ్ళు, మరాఠీ బడిలో నాలుగో తరగతి. మొదటి వాన పడ్డ రాత్రి మా వరండా లైటు కింద గోడ మీద ఒక పెద్ద రెక్కల పురుగు వచ్చి వాలింది. రెక్కలు చాపితే నా అరచెయ్యి కంటే పెద్దది. పసుపు రంగు, ఒక్కో రెక్క మీద కన్ను లాంటి మచ్చ. మా అత్తమ్మ "ఇంటికొచ్చినదాన్ని ఖాళీ కడుపుతో పంపొద్దు" అన్నది. పాప సీసా మూతలో చక్కెర నీళ్ళు పెట్టింది, తేనె పెట్టింది, ఆఖరికి పాలు కూడా పెట్టింది. దేన్నీ ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున కింద పడి చచ్చిపోయి ఉంది. "నేను సరిగ్గా పెట్టలేదు, అందుకే చచ్చిపోయింది" అని పాప రెండు రోజులు అన్నం తినలేదు. కర్టెన్ మీద అది పూసల్లాంటి గుడ్లు పెట్టి పోయింది, వాటిని ఏం చేయాలో తెలియట్లేదు. ఇప్పుడు పాప రెక్క చిరిగిన సీతాకోకచిలుకను ఒకదాన్ని ఆవకాయ సీసాలో పెట్టుకుని దూదితో చక్కెర నీళ్ళు పడుతోంది. పిచ్చుకలకు పెట్టినట్టు సీతాకోకచిలుకలకు కూడా పెరట్లో నీళ్ళ గిన్నె పెడదామంటోంది. మా ఆయనేమో "పత్తిని నాశనం చేసేవి ఇవే, మళ్ళీ వాటికి మర్యాదలా" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, ముందు పాపను దగ్గర కూర్చోబెట్టుకుని ఈ ఒక్క మాట చెప్పండి. ఆ పురుగు ఆకలితో చావలేదు. దానికి తినడానికి నోరే లేదు.

మీరు రాసిన గుర్తులను బట్టి అది దసలి (టస్సర్) పట్టు పురుగు. గోదావరి అవతల మహదేవపూర్‌లో నేసే దసలి పట్టు చీర ఈ పురుగు కట్టిన గూటిలోంచి వచ్చిందే. మన గడ్చిరోలి జిల్లాలోనే ఆర్మోరి వైపు ఢీవర్లు (చేపలు పట్టే కులం వాళ్ళు) ఐన్ చెట్ల మీద వీటిని పెంచుతారు. ఐన్ అంటే మన నల్లమద్దే. మీరు దాన్ని ఇంకా పారేయకపోయి ఉంటే ఒక రెక్కను పాప చేతికిచ్చి వెలుతురుకు పట్టి చూడమనండి. ఆ కన్ను మచ్చ నడుమ రంగు పొడి ఉండదు, చిన్న గాజు ముక్క అతికించినట్టు ఉంటుంది. అందులోంచి అవతలి కిటికీ కనిపిస్తుంది. తర్వాత తల కింద భూతద్దం పెట్టి వెతకమనండి. సీతాకోకచిలుకకు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉండే తొండం ఇక్కడ కనిపించదు. పనికిరాని చిన్న మొలక లాంటిది ఉంటుంది, అంతే.

మరి బతికేది ఎలా అంటారా? గొంగళిగా ఉన్నప్పుడు నెల రోజులకు పైగా మద్ది ఆకు తింటూనే ఉంటుంది. ఒంట్లో దాచుకున్న ఆ కొవ్వే రెక్కలొచ్చాక దాని సద్ది. ఆ సద్ది వారం, మహా అయితే పది రోజులు వస్తుంది. ఆలోపు మొగపురుగు ఆడదాన్ని వెతుక్కోవాలి, ఆడది గుడ్లు పెట్టాలి, ఇంక వేరే పనేమీ లేదు. మీ గోడ మీద వాలేనాటికే దాని ఆయుష్షులో రెండు మూడు రోజులు అయిపోయి ఉండొచ్చు. మల్బరీ పట్టు పురుగు చిలుకదీ ఇదే కథ. మీ అత్తమ్మ మాట మంచిదే కానీ, ఈ చుట్టం ఇంటి దగ్గర భోంచేసి బయల్దేరిన చుట్టం.

దానికి మీరు ఒక మేలు చేయగలిగేవారు, లైటు ఆపడం. ఆడ పురుగు రాత్రిపూట ఒకచోట కూర్చుని వాసన వదులుతుంది. దువ్వెనల్లాంటి మీసాలున్న మొగపురుగులు ఆ వాసన పట్టుకుని చాలా దూరం నుంచి వస్తాయి. ఉన్న వారం రోజుల్లో రెండు రాత్రులు బల్బు చుట్టూ తిరిగితే ఇంకేం మిగులుతుంది? మీ ఆయన పత్తి చేలో లింగాకర్షక బుట్టలు పెట్టి ఉంటే ఈ వాసన సంగతి పాపకు ఆయనే బాగా చెప్పగలరు. ఆ బుట్టలో పెట్టే ఎర కూడా ఆడ పురుగు వాసనే, మందుగా తయారుచేసినది.

ఇక గుడ్ల సంగతి, ఇది ఆగదు. ఎనిమిది పది రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఒక్కో ఆడ పురుగు రెండు వందల దాకా గుడ్లు పెడుతుంది, కర్టెన్ మీద అన్నీ లేకపోయినా చాలానే ఉంటాయి. గోటితో గీకకండి, జిగురుతో అంటుకుని ఉంటాయి, పగిలిపోతాయి. కర్టెన్ అంచు అంతవరకు కత్తెరతో కత్తిరించండి. (పాత కర్టెన్ అయి ఉంటుందని నా ఆశ.) ప్రాణహిత ఒడ్డున ఏరుమద్ది చెట్టు దొరుకుతుంది, దాని ఆకు కూడా ఇవి తింటాయి. లేత ఆకులున్న కొమ్మ చూసి, వాన నేరుగా కొట్టకుండా ఆకుల చాటున ఆ గుడ్డముక్కను దారంతో కట్టి రండి. కట్టే ముందు కొమ్మ మీద చీమల బారు ఉందేమో చూసుకోండి. అది జత కట్టకుండానే గుడ్లు పెట్టి ఉంటే పిల్లలు రావు, గుడ్లు నొక్కుకుపోతాయి. అది కూడా పాపకు ముందే చెప్పి ఉంచండి, మళ్ళీ రెండు రోజులు అన్నం మానేస్తుంది.

పాప ఇంట్లో పెంచుతానని పట్టుబడితే రెండు గొంగళ్ళకు మించి వద్దు. పెద్దయ్యాక వాటి తిండి చూస్తే మీకే భయమేస్తుంది, రోజూ మద్ది కొమ్మ తేవాల్సిందే. మల్లె ఆకో మామిడాకో పెడితే తినవు. నీళ్ళు పెట్టకండి. గొంగళికి కావాల్సిన తడి అంతా ఆకులోనే ఉంటుంది. కొమ్మ వాడిపోకుండా నీళ్ళ సీసాలో పెడతారు కదా, ఆ సీసా మూతి దగ్గర ఖాళీ లేకుండా గుడ్డపేలిక కుక్కండి. లేకపోతే కొమ్మ పట్టుకుని కిందికి దిగి నీళ్ళలో పడి చస్తాయి. నాకు తెలుసు, నా చేతుల్లో అలాగే పోయాయి.

ఇప్పుడు నీళ్ళ గిన్నె. చిన్నప్పుడు నేను కూడా మీ పాప లాంటి పనే చేశాను. కంచు గిన్నె నిండా బెల్లం నీళ్ళు కలిపి జామచెట్టు కింద పెట్టి బడికి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే గిన్నె అంచు నుంచి అడుగుదాకా నల్లగా చీమలు, నడుమ రెక్కలు అతుక్కుపోయి తేలుతున్న రెండు పచ్చ సీతాకోకచిలుకలు. మా అమ్మ గిన్నె కోసం కొట్టింది, నేను సీతాకోకచిలుకల కోసం ఏడ్చాను.

పిచ్చుక గిన్నె అంచు మీద కూర్చుని ముక్కు ముంచి తాగుతుంది. సీతాకోకచిలుక అలా తాగలేదు. అది తాగేది సన్నని గొట్టంతో, కాళ్ళ కింద గట్టి నేల ఉండాలి. పైగా దానికి మామూలు దాహం తక్కువ, పూలతేనెలోనే నీళ్ళుంటాయి. అది వెతుక్కుంటూ వచ్చేది ఉప్పు కోసం. ఎండాకాలంలో ప్రాణహితలో నీళ్ళు తగ్గి ఇసుక తేలాక, ఎడ్లను నీళ్ళకు దింపే చోటికి పాపను పొద్దున తొమ్మిది పది గంటలకు తీసుకెళ్ళండి. ఎద్దు ఉచ్చ పోసిన తడి ఇసుక మీద పచ్చవి, తెల్లవి పదులకొద్దీ వాలి రెక్కలు మూసుకుని కదలకుండా ఉంటాయి. దూరం నుంచి ఎవరో కాగితం ముక్కలు గుచ్చినట్టుంటుంది. దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటే తొండాలు ఇసుకలోకి దించి ఉండటం కనిపిస్తుంది. కొన్ని ముందు నుంచి పీలుస్తూ వెనక నుంచి చుక్కలు చుక్కలుగా వదిలేస్తుంటాయి. ఒంట్లో ఉప్పు ఉంచుకుని నీళ్ళు బయటికి పంపేయడం అన్నమాట.

అక్కడ చేరేవి ఎక్కువగా మొగవే. ఆకులో, పూలతేనెలో ఉప్పు బాగా తక్కువ. ఈ మొగవి బురదలో కూర్చుని కూడబెట్టిన ఉప్పును జత కట్టినప్పుడు ఆడదానికి ఇస్తాయి, అక్కడి నుంచి అది గుడ్లలోకి చేరుతుంది. మన వైపు పూర్వం పెళ్ళికొడుకు వాళ్ళు ఓలి ఇచ్చేవారు కదా, అలాంటిదే.

కాబట్టి గిన్నె వద్దు, మూకుడు పెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడులో నది ఇసుక నింపి, పైన నాలుగు గులకరాళ్ళు పెట్టి, ఇసుక తడిసేంత వరకే నీళ్ళు పోయండి. నీళ్ళు పైకి తేలకూడదు. చిటికెడు ఉప్పు, పొయ్యిలో బూడిద కొంచెం, దొరికితే పేడ కలిపిన నీళ్ళు రెండు చుక్కలు. ఉప్పు ఎక్కువ వేస్తే వస్తాయనుకోకండి, చిటికెడు చాలు. ఎండ పడే చోట, గాలి తక్కువగా ఉండే గోడ వార పెట్టండి. సీతాకోకచిలుకకు ఎండ తగలనిదే ఒళ్ళు వేడెక్కదు, ఒళ్ళు వేడెక్కనిదే ఎగరలేదు. ఇంకో లాభం కూడా ఉంది. మలేరియాకు మన జిల్లా పేరు అందరికీ తెలిసిందే, నిలవ నీళ్ళ గిన్నె పెరట్లో పెట్టమని నేను ఎవరికీ చెప్పను. తడి ఇసుకలో దోమ పిల్ల బతకదు. నిజానికి మీ వాడలో బోరింగు ఉంటే దాని చుట్టూ ఉన్న బురదే మంచి మూకుడు. సిమెంటు పోయించేటప్పుడు ఒక మూల వదిలేయమనండి.

చక్కెర నీళ్ళు అసలు వద్దా అంటే, ఆరోగ్యంగా ఎగిరేవాటికి వద్దు. వాటికి పూలున్నాయి. ఎవరూ నాటకుండానే దారి పక్కన మొలిచే గడ్డిచామంతి ఉంది చూడండి, తెల్ల రేకులు, పసుపు నడుము, దాని మీద వాలినన్ని సీతాకోకచిలుకలు నర్సరీలో కొన్న ముద్దబంతి మీద వాలవు. ముద్దబంతిలో రేకుల మీద రేకులు, తొండం దూర్చే సందు తక్కువ. పండగ ముందు పెరడంతా చెక్కి శుభ్రం చేస్తారు కదా, గోడ పక్కన ఒక జానెడు పట్టీ గడ్డిచామంతిని అలాగే ఉండనివ్వండి. సీతాకోకచిలుకలకు తిండి పెట్టాలన్న పాప కోరిక అక్కడే సగం తీరిపోతుంది.

మిగతా సగం ఆకుల్లో ఉంది, ఇది అందరూ మరిచిపోతారు. పెద్దది రకరకాల పూల మీద తాగుతుంది. పిల్ల మాత్రం తనకు రాసిపెట్టి ఉన్న ఆకే తింటుంది. జిల్లేడుకు ఒకటి, ఆముదానికి ఒకటి, రేల చెట్టుకు ఒకటి, గన్నేరుకు ఒకటి. నిమ్మ ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక పిల్లే. వేలితో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి కంపు కొడుతుంది. పాపకు ఇది తప్పకుండా నచ్చుతుంది. మీ అత్తమ్మ కరివేపాకు చెట్టు మీద గొంగళ్ళను ఏరి పారేస్తుంటారని నా అనుమానం. చెట్టు పెద్దదైతే ఒక కొమ్మ వాటికి వదిలేయమనండి. మహారాష్ట్ర 2015లో తన రాష్ట్ర సీతాకోకచిలుకను ప్రకటించింది, మన దేశంలో అలా ప్రకటించిన మొదటి రాష్ట్రం ఇదే. నల్ల రెక్కల మీద నీలం పూసిన ఆ పెద్ద సీతాకోకచిలుక (బ్లూ మార్మన్) పిల్లలు కూడా నిమ్మ జాతి ఆకులే తింటాయి. బడిలో 'ఫుల్‌పాఖరూ' (మరాఠీలో సీతాకోకచిలుక) పాఠం వచ్చినప్పుడు మీ పాప నిమ్మ కొమ్మ పట్టుకెళ్ళి టీచరుకు చూపించొచ్చు.

మీ ఆయన మాటలో సగం నిజం ఉంది, కొట్టిపారేయకండి. పత్తి కాయను తొలిచే గులాబీరంగు పురుగు, పచ్చపురుగు, మిరప ఆకు తినే లద్దెపురుగు, వీటన్నిటి తల్లులూ రెక్కల పురుగులే. చిన్నవి, మట్టి రంగువి, రాత్రిపూట తిరిగేవి. దసలి పురుగులా కాకుండా వీటిలో చాలావాటికి నోరుంది, పూలతేనె తాగుతాయి. అందుకే చేను పక్కన ఇల్లయితే రాత్రిపూట తీపి నీళ్ళు బయట పెట్టొద్దు. కొందరు ఈ రాత్రి తిరిగే రెక్కల పురుగులను చూడటానికి మగ్గిన అరటిపండు, బెల్లం, కాస్త పులిసిన కల్లు కలిపి చెట్టు బోదెకు పూస్తారు. సరదాగా ఒక రాత్రి పూసి టార్చి వేసి చూడండి, ఎన్ని రకాలు వస్తాయో. చూశాక పొద్దున కడిగేయండి. పగటి పూట ఎగిరే రంగురంగులవాటికీ మీ పత్తికీ గొడవ లేదని మాత్రం ఆయనకు ధైర్యంగా చెప్పొచ్చు. చేలో మందు కొట్టిన రోజు మూకుడులో ఇసుక మార్చండి, గాలికి ఆ తుంపర అక్కడ దాకా వస్తుంది.

చివరగా ఆవకాయ సీసాలోది. రెక్క చిరిగితే మళ్ళీ పెరగదు. అయినా చాలా రెక్క పోయినవి కూడా ఎగరగలవు, పిట్ట కొరికిన రెక్కలతో తిరిగేవి రోజూ కనిపిస్తాయి. కాబట్టి ముందు నీరసం తీర్చి వదిలేయండి. ఒక చెంచా చక్కెర, పది చెంచాల నీళ్ళు. తేనె వద్దు, త్వరగా పులుస్తుంది. పాలు అసలే వద్దు. దూది నారలు కాళ్ళకు చుట్టుకుంటాయి, దాని బదులు గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు కొత్తది, ఎర్రదో పసుపుదో, చిన్న ముక్క కత్తిరించి ఆ నీళ్ళలో తడిపి పెట్టండి. సీతాకోకచిలుకకు రుచి తెలిసేది కాళ్ళతో. వేలి మీదికి ఎక్కించుకుని మెల్లగా ఆ పీచు మీదికి దించితే, కాలికి తీపి తగలగానే చుట్టుకున్న తొండం దానంతట అదే విచ్చుకుంటుంది. విచ్చుకోకపోతే పిన్నీసు మొన చుట్ట మధ్యలోకి పోనిచ్చి మెల్లగా ముందుకు లాగండి. ఈ పని మీరు చేయండి, పాప చూస్తుంది. రెండు నిమిషాలు తాగితే చాలు. ఒకసారి తాగడం మొదలుపెట్టిందంటే మీరు దగ్గరికెళ్ళి చూసినా కదలదు, తొండం కొన దూది పుల్లలా అటూ ఇటూ తడుముతూ ఉంటుంది.

ఒకవేళ పాప ఎప్పుడైనా గూట్లోంచి అప్పుడే బయటికొస్తున్నదాన్ని చూస్తే దానికి మొదటి రోజు తిండి పెట్టొద్దు. తొండం రెండు పోగులుగా పుడుతుంది. అవి రెండూ జిప్పులా ఒకదానికొకటి అతుక్కునేదాకా చుడుతూ విప్పుతూ ఉంటుంది. కింద ఎర్రటి చుక్కలు పడితే రక్తం అని కంగారు పడొద్దు, గూట్లో ఉన్నన్నాళ్ళూ పోగైన మలినం అది.

రేపు పొద్దున తొమ్మిది దాటి ఎండ కాశాక సీసా మూత తీసి తులసి కోట మీద పడుకోబెట్టండి. సీసా ఊపొద్దు, దానంతట అదే నడిచి వస్తుంది. రెక్కలు చాపి కాసేపు ఎండ కాచుకుంటుంది, అప్పుడే ఎగరలేదని పాప కంగారు పడి పట్టుకోకుండా చూసుకోండి. రెక్కల పొడి వేళ్ళకు అంటిందంటే ఉన్న కాస్త రెక్క కూడా పాడైపోతుంది. అది పోయాక ఆ సీసాను రెండు సార్లు వేడి నీళ్ళతో కడిగి ఎండబెట్టండి, ఈ ఏడాది ఆవకాయకు కావాలి కదా.